బొమ్మ కదిలిన దారిలో... తిరుపతి నుంచి చిత్తూరు దాకా!

తిరుపతి బస్టాండులో కొండెక్కే బస్సు కోసం నిలబడి వున్నాను. పక్కనే ఒక కాలేజీ కుర్రాడు. నున్నటి గుండు చేయించుకోవడానికి పోతున్నవాడిలా లేడు, జుట్టంతా నిక్కబొడుచుకుని హీరోలా వుంది. ఫోన్లో కొత్త సినిమా పాట తాలూకు లిరికల్ వీడియో చూస్తున్నాడు. అందులో హీరో లేడు, హీరోయిన్ లేదు. గీసిన బొమ్మలే నడుస్తున్నాయి, పాటలోని మాటలు తాళానికి తగ్గట్టు ఎగిరి పడుతున్నాయి.

"భలే వుంది కదన్నా! ఇదంతా ఈ పదేళ్ళలో వచ్చిందే కదా?" అన్నాడు.

"పదేళ్ళు కాదు తమ్ముడూ, నూటముప్పై ఏళ్ళు దాటింది" అన్నాను.

వాడు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. ఈలోగా బస్సు వచ్చింది. సీటు కోసం పరుగెత్తడంలో మా చర్చ ఆగిపోయింది. ఆ కుర్రాడికి చెప్పలేకపోయిన సంగతే యిప్పుడు మీకు చెప్పబోతున్నాను.

అన్నట్టు, నేను తిరుపతి ఎందుకొచ్చానో చెప్పలేదు కదూ! చిత్తూరులో మా మేనమామ వున్నాడు. నలభై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. డిజిటల్ కెమెరాలొచ్చాక స్టూడియో చిక్కిపోయింది, ఫోన్లొచ్చాక మూతపడింది. మొన్న హఠాత్తుగా ఫోన్ చేశాడు. "అబ్బోడా, నెగటివులన్నీ పాతసామాన్లోడికి తూకానికి ఇచ్చేస్తా వుండాను. ఆదివారం పొద్దున వస్తానన్నాడు. నీకేమన్నా కావాలంటే అంతకు ముందే రా" అన్నాడు.

నాకు ఫోటోల పిచ్చీ, సినిమాల పిచ్చీ అంటించింది ఆ మామే. హైదరాబాదులో గురువారం రాత్రి రైలెక్కాను. చేతిలో రెండు రోజులున్నాయి. వచ్చినవాణ్ణి వచ్చినట్టు చిత్తూరు వెళ్ళకుండా, దారిలో బొమ్మల జాడలు చూసుకుంటూ వెళదామని బుద్ధి పుట్టింది.

కొండమీద గ్రూపు ఫోటో

శ్రీవారి గర్భగుడిలోకి కెమెరా పోదు. మన యిళ్ళల్లో గోడలకున్న పటాలూ, క్యాలెండర్లూ ఎన్నో చిత్రకారుల చేతి చలవే. అలాంటి స్వామిని తెలుగు సినిమా ఎప్పుడు పట్టుకుందో తెలుసా? 1939లో! పి. పుల్లయ్య గారు తీసిన 'బాలాజీ' చిత్రంలో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి. ఆ పుల్లయ్య గారే మళ్ళీ 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' తీశారు. ఈసారి స్వామి ఎన్.టి.రామారావు, పద్మావతి సావిత్రి. మరి శాంతకుమారి? వకుళమాత! ఇరవై ఒక్క ఏళ్ళలో పద్మావతి కాస్తా స్వామికి తల్లి అయిపోయారు. ఘంటసాల మాస్టారు కేవలం గొంతుతో సరిపెట్టకుండా తెరమీద స్వయంగా కనబడి పాడిందీ ఆ చిత్రంలోనే.

దర్శనం క్యూలో మహాద్వారం దాటి లోపలికి వెళుతుంటే కుడిచేతివైపు ఒక మండపం వస్తుంది. జనం తోపులాటలో చాలామంది చూడకుండా వెళ్ళిపోతారు. అక్కడ శ్రీకృష్ణదేవరాయలు, యిద్దరు దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి వుంటారు. లోహపు ప్రతిమలు. ఎవరు ఎవరో తెలియడానికి పేర్లు కూడా చెక్కించారు. నాకైతే అది స్టూడియోలో దిగిన ఫ్యామిలీ గ్రూపు ఫోటోలా అనిపించింది. మధ్యలో అయ్యగారు, అటూ యిటూ అమ్మగార్లు, అందరూ కదలకుండా నిలబడి!

కదలకుండా అంటే గుర్తొచ్చింది. తొలినాటి ఫోటోగ్రఫీలో కదిలితే కొంప మునిగేది. ప్లేటు మీద బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది కాబట్టి మనిషి బిగదీసుకుని కూర్చోవాలి, తల ఊగకుండా వెనకనుంచి ఇనప పట్టీ కూడా పెట్టేవారు. ఫోటోగ్రఫీకి తొలి శత్రువు కదలిక. ఆ శత్రువుని లొంగదీసుకోవడమే సినిమా కథ.

చంద్రగిరి రాజులు, మద్రాసు ఫోటోగ్రాఫరు

కొండ దిగి మధ్యాహ్నానికి చంద్రగిరి చేరాను. తిరుపతికి పన్నెండు కిలోమీటర్లు వుంటుందేమో. రాజమహలు ముందు ఇద్దరు అమ్మాయిలు రీల్సు తీసుకుంటున్నారు. పాట ఫోన్లో మోగుతోంది, వాళ్ళు దానికి పెదాలు కదుపుతున్నారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఈ చంద్రగిరికీ, మన సినిమాకీ ఒక చుట్టరికం వుంది. 1639లో మద్రాసు నేల ఇంగ్లీషువాళ్ళకి దక్కింది. ఇచ్చినవాడు దామర్ల నాయకుడు. ఆయన ఏలికలు ఈ చంద్రగిరి నుంచీ, వేలూరు నుంచీ రాజ్యం చేసిన ఆరవీటి రాజులు. ఆ ఇసకదిబ్బల మీద లేచిన మద్రాసులోనే తెలుగు సినిమా పుట్టి పెరిగింది.

ఆ మద్రాసుకి మచిలీపట్నం నుంచి ఒక కుర్రాడు బతుకుతెరువు కోసం వెళ్ళాడు. 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య. ఫోటోగ్రఫీ నేర్చి స్టూడియో పెట్టి పేరు తెచ్చుకున్నాడు. హాయిగా ఆ స్టూడియో చూసుకుంటే కారూ బంగళా వచ్చేవి. కానీ ఆయన కళ్ళు కదిలే బొమ్మల మీద పడ్డాయి. స్టూడియోని తాకట్టుపెట్టి విదేశాల నుంచి 'క్రోనో మెగాఫోన్' అనే యంత్రం తెప్పించి, 1910 ప్రాంతంలో మద్రాసు విక్టోరియా హాల్లో ప్రదర్శనలిచ్చాడు. అంతటితో ఆగకుండా యంత్రం భుజానేసుకుని బెంగుళూరు, సిలోను, బర్మా తిరిగాడు.

ఇంతకీ ఏమిటా క్రోనో మెగాఫోన్? అది ఫ్రాన్సులో గోమాన్ కంపెనీ వారి సృష్టి. ఒకపక్క ప్రొజెక్టరు, ఒకపక్క గ్రామఫోను. రెండూ ఒకే వేగంతో తిరిగేలా జతచేశారు. గ్రామఫోను గొంతు హాలంతా వినపడదు కదా, దాన్ని గాలి వత్తిడితో పెంచారు. ఇక ఆ కంపెనీలో ఎలీస్ గీ అనే మహిళ వుండేది. ప్రపంచంలో తొలి మహిళా దర్శకురాలిగా ఆమెనే చెప్పుకుంటారు. ఆమె 1900ల తొలి ఏళ్ళలో ఈ యంత్రం కోసం వందకు పైగా చిన్న చిన్న పాటల చిత్రాలు తీసింది. ఎలాగంటే, ముందు గాయకుడి పాటను రికార్డు చేసేవారు. తర్వాత ఆ రికార్డు మోగుతుంటే గాయకుడు కెమెరా ముందు నిలబడి పెదాలు కలిపేవాడు!

చూశారా! చంద్రగిరి కోట ముందు ఆ అమ్మాయిలు చేస్తున్నదీ అదే. మన హీరోలు స్విట్జర్లాండు మంచులో చేసేదీ అదే. టాకీ రాక ముందే ప్లేబాక్ వచ్చేసిందన్నమాట! ఒక్కో పాటకి ఒక్కో బుల్లి చిత్రం. మ్యూజిక్ వీడియో అని పేరు పెట్టలేదంతే.

వెంకయ్య గారు మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించారు. కొడుకు ప్రకాష్‌ని చదువుకోసం లండన్ పంపారు. ఆ ప్రకాష్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. తెలుగువాడి తొలి మూకీ అది. ఇంత చేసిన వెంకయ్య గారి చివరి రోజులు మాత్రం డబ్బులేమితో గడిచాయి. 1941లో కన్నుమూశారు. ఇప్పుడు మన పెద్ద పెద్ద తారలు అందుకునే రఘుపతి వెంకయ్య అవార్డు ఆయన పేరిటే. తాకట్టుపెట్టిన ఫోటో స్టూడియో నుంచి మన సినిమా పుట్టిందని ఆ అవార్డు అందుకునేవాళ్ళెంతమందికి గుర్తుందో!

కాళహస్తిలో కదలని సినిమా

మర్నాడు పొద్దున్నే శ్రీకాళహస్తి బస్సెక్కాను. వాయులింగాన్ని దర్శించుకుని కలంకారీ పనివారుండే వీధుల్లో పడ్డాను.

ఒక యింటి ముంగిట్లో పెద్దాయన గుడ్డ పరిచి రామాయణం గీస్తున్నాడు. ముందే ఆ గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టారు. వెదురుపుల్ల కొసకి గుడ్డ చుట్టి దారం బిగించిందే ఆయన కలం. దాన్ని కసిమిలో ముంచాడు. కసిమి అంటే యినపముక్కలూ, బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసిన రసం. గుడ్డమీద గీత గీసినప్పుడు పల్చగా వుంది. నేను చూస్తుండగానే అది నల్లబడి గట్టిపడింది. కరక్కాయలోని వగరూ, కసిమిలోని యినుమూ కలిసి చేసే మాయ అది. మామ డార్క్ రూములో, ఎర్రలైటు కింద, డెవలపర్ ట్రేలో తెల్లకాగితం మీద మనిషి మొహం మెల్లిగా తేలడం జ్ఞాపకం వచ్చింది. చిన్నప్పుడు అది చూసి నేను "దెయ్యం!" అని కేకపెట్టానట.

"ఇది ఎట్ల చదవాలో తెలుసునా?" అన్నాడు పెద్దాయన. మధ్యలో పెద్దబొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా గళ్ళు. గడికొక సన్నివేశం. కింద తెలుగు అక్షరాల్లో ఆ ఘట్టం. "ఎనకటికి ఈ గుడ్డని గుడికాడ యాలాడగట్టి, ఒకాయన పుల్లతో సూపిస్తా పాడతా వుంటే, జనం గడి తర్వాత గడి సూసేవాళ్ళు నాయనా" అన్నాడు.

బొమ్మ వుంది, పాట వుంది, అక్షరాలు వున్నాయి. బస్టాండు కుర్రాడి ఫోన్లో వున్నవన్నీ వున్నాయి! లేనిదల్లా కదలికే. ఆ కదలిక కూడా మన తోలుబొమ్మలాటలో వుంది. తెర వెనక దీపం, రంగులద్దిన తోలుబొమ్మ, హార్మనీ, మద్దెల, మధ్యలో బంగారక్క, కేతిగాడి చిలిపి మాటలు... తెల్లవార్లూ సాగే మ్యూజికల్ హిట్టు! ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఆ కళను కాపాడుకొస్తున్న దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇప్పుడు ఆ నూటముప్పై ఏళ్ళ సంగతి. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు, పరుగెత్తే గుర్రానికి నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేస్తాయా లేదా అన్న తగువు తీర్చడానికి, దారివెంట వరసగా పన్నెండు కెమెరాలు పెట్టి ఒక్కో దానికీ తీగ కట్టాడు. గుర్రం తీగలు తెంపుకుంటూ పరుగెత్తింది, కెమెరాలు టకటకా కొట్టుకున్నాయి. లేస్తాయని తేలిపోయింది! అసలు తమాషా తర్వాతది. ఆ ఫోటోలని తెరమీద కదిలించడానికి ఆయన చేసిన యంత్రంలో ఫోటోలు పెట్టలేదు. వాటిని చూసి గాజు చక్రాల మీద గీయించిన బొమ్మలు పెట్టాడు. అంటే అది ఫోటోగ్రఫీ కడుపున పుట్టిన కార్టూన్!

ప్యారిస్‌లో ఎమిల్ రేనో అనే ఆయన యింకో అడుగు ముందుకేశాడు. 1892 అక్టోబరు 28న తన బొమ్మల్ని పెద్దతెర మీద ఆడించాడు. ఒక్కో పట్టీ మీద వందల బొమ్మలు, అన్నీ చేత్తో రంగులద్దినవే. ఒక చిత్రానికి అయిదువందల బొమ్మలు! పక్కన పియానో మీద గాస్తోన్ పోలాన్ కట్టిన సంగీతం. లూమియేర్ సోదరులు డబ్బులకి సినిమా చూపించింది 1895 డిసెంబరులో. దానికి మూడేళ్ళ ముందే జనం టిక్కెట్టు కొని, సంగీతంతో పాటు కదిలే బొమ్మలు చూశారన్నమాట.

ఆ తర్వాత ఏమైంది? లూమియేర్ల సినిమా వచ్చాక చేత్తో గీసే బొమ్మలు చూసేవాళ్ళు తగ్గిపోయారు. రేనోకి బతుకు బరువైంది. ఒకరోజు నిరాశలో తన పట్టీలు చాలామటుకు తీసుకెళ్ళి సీన్ నదిలో పారేశాడు. ఏళ్ళ తరబడి చేత్తో గీసినవన్నీ నీళ్ళ పాలయ్యాయి. 1918లో చనిపోయాడు. ఆయన తెరబొమ్మల్లో యివాళ మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కాళహస్తిలో స్వర్ణముఖి గట్టుమీద నిలబడి ఈ సంగతే తలుచుకున్నాను. ఈ నదిలో కలంకారీ గుడ్డల్ని ఉతికి రంగు తేలుస్తారు. నది బొమ్మని కడిగేయనూగలదు, నిలబెట్టనూగలదు. ఎవరు ఎందుకు నీళ్ళలో వేశారన్నదాన్ని బట్టి వుంటుంది.

వెంటనే మామ గుర్తొచ్చాడు. శనివారం మధ్యాహ్నమైపోయింది. పరుగున చిత్తూరు బస్సెక్కాను.

నాగయ్య గారి వూళ్ళో

చిత్తూరు అనగానే సినిమావాళ్ళకి గుర్తొచ్చేది చిత్తూరు వి.నాగయ్య గారే. పుట్టింది 1904లో, రేపల్లెలో. పేరు ముందు నిలిచిపోయింది మాత్రం చిత్తూరు. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో రాటుదేలి, 1938లో 'గృహలక్ష్మి'తో తెరకెక్కారు. పోతన, వేమన, త్యాగయ్య... అందరికీ తన మొహమూ, తన గొంతూ ఇచ్చారు. పాట ఒకరు, పెదాలు ఒకరు అనే పద్ధతి ఆయనకి అక్కర్లేదు. ఆయన పేర ఈ వూళ్ళో కళాక్షేత్రం వుంది.

మామ నాగయ్య గారి భక్తుడు. ఇంకో దేవుడు మార్కస్ బార్‌ట్లే. ఫోటోగ్రాఫరుగా బతుకు మొదలెట్టి, 1957లో 'మాయాబజార్' వెన్నెలనీ, మాయల్నీ కెమెరాలో పట్టిన మహానుభావుడు. ఘటోత్కచుడు పెళ్ళివిందు ఆరగించే పాటలో వంటకాలు వాటంతటవే కదులుతాయి చూశారూ? "అదిరా మన తొలి బొమ్మలపాట!" అనేవాడు మామ. కంప్యూటరు లేని రోజులు. ఆ బుర్రంతా కెమెరా వెనకున్న మనిషిదే. ఆ చిత్రాన్ని 2010లో కంప్యూటర్లతో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు మామ మొదటాట చూసొచ్చి, "నేను దూదితో చేసే పనే కదరా, వాళ్ళు మౌసుతో చేసినారు" అన్నాడు. నలుపు తెలుపు పెళ్ళిఫోటోలకి బుగ్గలమీద గులాబీరంగు, పట్టుచీరకి ఆకుపచ్చ అద్దిన చెయ్యి అది.

సాయంత్రానికి యిల్లు చేరాను. వరండాలో పదకొండు అట్టపెట్టెలు. మామ చిక్కిపోయాడు.

"ఏందిరా అబ్బోడా, ఇన్నాళ్ళకి మామ గుర్తొచ్చినాడా?"

"ఎందుకు మామా యివన్నీ యిచ్చేయడం?"

"ఎవరికిరా ఇవి? ఫోటోలో వుండే వాళ్ళలో సగం మంది లేరు. మిగతావాళ్ళు అడగరు. నెగటివుల్లో వెండి వుంటాదంట, అందుకే వాడు కొనుక్కుంటా వుండాడు. మొహాలకి లేని ధర వెండికి వుండాది."

నేనేం మాట్లాడలేదు. కాసేపాగి రేనో కథ చెప్పాను. బొమ్మలు నదిలో పారేసిన కథ. మామ విన్నాడు. "పాపం" అని మాత్రం అన్నాడు.

భోంచేశాక ఇద్దరం పెట్టెలు విప్పాం. పసిపిల్లలు, పెళ్ళికూతుళ్ళు, పాస్‌పోర్టు మొహాలు, పశువుల పండక్కి కొమ్ములకి పలకలు కట్టుకున్న కోడెగిత్తలు. నెగటివుని లైటుకేసి పెట్టి చూస్తుంటే నల్లజుట్టు తెల్లగా, తెల్లచొక్కా నల్లగా వుంది. రాత్రి పదకొండుకి ఏడోపెట్టె అడుగున అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా, దారంతో కుట్టిన కాగితాల కట్ట దొరికింది.

మామ దాన్ని నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"1983లో. ఒక రోలు పూర్తిగా మీ అత్తకే తగలేసినాను. ముప్పైఆరు ఫ్రేములు. కదిలించి చూద్దామని. 'కొంచెం తిరుగు, ఆగు... ఇంకొంచెం తిరుగు, ఆగు' అంటా వుంటే ఒకటే తిట్టింది."

బొటనవేలితో కాగితాల అంచు పట్టుకుని వదిలాడు. టపటపమని కాగితాలు పడ్డాయి. వెనక్కి తిరిగి వున్న మా అత్త మెల్లిగా యిటు తిరిగింది. జడ భుజం మీదకి జారింది. చెయ్యెత్తి పూలు సర్దుకుంది. చివర్లో నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడు సెకండ్లు. అంతే.

అత్త పోయి పదహారేళ్ళయింది. ఆమెది ఒక్క వీడియో కూడా లేదు. పెళ్ళి క్యాసెట్లు వచ్చేసరికి ఆమె మంచాన పడింది. గోడమీదున్న ఫోటోలో బిగుసుకుని కూర్చుని వుంటుంది. ఆమె నవ్వు ఆపుకునేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేదన్న సంగతి నేనే మర్చిపోయాను.

మామ మళ్ళీ వదిలాడు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ నవ్వింది. ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. మాకు ఎవరూ పాట వెయ్యలేదు. మామే సన్నగా నాగయ్య గారి పాటేదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ సంగతి ఆయనకి తెలియదు.

ఆదివారం పొద్దున పాతసామాన్లాయన తోపుడుబండితో వచ్చాడు. మామ వాకిట్లోకి వెళ్ళి, పాత ఎన్లార్జరు స్టాండూ, తుప్పు పట్టిన కుర్చీలూ చూపించాడు.

"పెట్టెలో సార్?" అన్నాడు ఆయన.

"మా మేనల్లుడు తీసుకుపోతా వుండాడు. ఆ మొహాలకి పేర్లు రాయాల. నాకు గుర్తుండేలోగా రాయాల" అన్నాడు మామ.

ఇదిగో, ఆ పని మొదలైంది. నెలకోసారి చిత్తూరు వెళ్ళి వస్తున్నాను. నెగటివులని స్కాన్ చేస్తుంటే మామ పక్కన కూర్చుని పేర్లు చెబుతున్నాడు. ఇప్పటికి రెండు పెట్టెలయ్యాయి. యింకా తొమ్మిదున్నాయి. మామకి ఎనభై దగ్గరపడుతోంది.

మీ వూళ్ళోనూ మూతపడిన స్టూడియో ఒకటి వుండే వుంటుంది. ఈసారి సినిమాకి వెళ్ళేటప్పుడు దారిలో ఆగి, ఆ పెద్దాయన్ని ఒక్కమాట అడగండి. పెట్టెలు యింకా వున్నాయా అని!